ఇంట్లోంచి నడిపే ఆన్‌లైన్ సర్వీసుకి ఇన్సూరెన్స్ కావాలా? ఇలా తేల్చుకోండి

సంక్రాంతికి వారం ముందు, ఒక చీరల షాపు ఫేస్‌బుక్ యాడ్ బడ్జెట్‌లో ఒక సున్నా ఎక్కువ కొట్టాను. రోజుకు 5,000 అనుకున్నది 50,000 అయింది. రెండు రోజులు చూసుకోలేదు. మూడో రోజు పొద్దున్నే షాపు యజమాని ఫోన్ చేసి, "ఏంటమ్మా, కార్డు నుంచి లక్ష పోయింది?" అన్నారు. నాకు నోరెండిపోయింది. పది వేలు కావాల్సిన చోట లక్ష ఖర్చయింది. "తప్పు నాదే బాబాయ్ గారూ, తేడా నేనే కట్టేస్తాను" అన్నాను. 90,000 రూపాయలు. అప్పటికి సర్వీసు మొదలుపెట్టి ఎనిమిది నెలలు. గొలుసు తాకట్టు పెట్టి కట్టాను.

ఆ రోజు ఇన్సూరెన్స్ ఉండి ఉంటే ఆ డబ్బు వచ్చేదా అని తర్వాత చాలామంది అడిగారు. పాలసీలు చదవడం నేర్చుకున్నాక నాకు అర్థమైంది, బహుశా ఒక్క రూపాయి కూడా వచ్చేది కాదని. ఎందుకో కింద ఆయా చోట్ల చెప్తాను. అయినా ఇప్పుడు నేను ప్రతి ఏడాదీ పాలసీ కడుతున్నాను. వెబ్‌సైట్లు, డిజిటల్ మార్కెటింగ్, ఆన్‌లైన్ అకౌంట్స్, వర్చువల్ అసిస్టెంట్ పని, ఆన్‌లైన్ ట్యూషన్లు, ఇలా ల్యాప్‌టాప్ మీద నడిచే సర్వీసు ఏది మొదలుపెట్టినా ఈ వరసలో చూసుకోండి.

1. ముందు చట్టం ఏం అడుగుతుందో చూడండి

దీనికి ఎక్కువ టైం పట్టదు. ఒక్కరే ఇంట్లో కూర్చుని నడిపే ఆన్‌లైన్ సర్వీసుకి ఫలానా ఇన్సూరెన్స్ ఉండి తీరాలని మన దేశంలో చట్టం చెప్పదు. 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం పేరు చూసి కొందరు కంగారు పడతారు. అది ప్రమాదకరమైన రసాయనాల్లాంటివి నిల్వ చేసేవాళ్లకి, మీకు కాదు. పని మీద తిరిగే బండి ఉంటే దానికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, అది వ్యాపారం లేకపోయినా తప్పనిసరే. ఉద్యోగులు పది మందికి చేరితే ఈఎస్ఐ వస్తుంది. నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకి యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం.

ఒకరిద్దరిని పనిలో పెట్టుకున్నవాళ్లకి ఇవేవీ వర్తించకపోవచ్చు. అయినా ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో వాళ్లని చేర్పించండి. బ్యాంకు ఖాతా ఉండి, వయసు 18 నుంచి 70 మధ్య ఉంటే చాలు. దీనికి చట్టం అడిగే దాకా ఆగనవసరం లేదు.

2. ఒక కాగితం మీద మీ చెడ్డ రోజు రాయండి

చట్టం అడగకపోతే మరి ఎవరు అడుగుతారు? మీ పని చెడితే నష్టపోయేవాళ్లు అడుగుతారు. అందుకని ఏజెంటుకి ఫోన్ చేసే ముందు అరగంట కూర్చుని, మీకున్న క్లయింట్ల పేర్లు వరసగా రాయండి. ఒక్కో పేరు పక్కన రెండు ప్రశ్నలకి జవాబు రాయండి. నా వల్ల ఈయనకి జరగగలిగిన అతి పెద్ద నష్టం ఏంటి? అది రూపాయల్లో ఎంత?

ఉజ్జాయింపుగా కాదు, నిజంగా అంకె వేయండి. మీరు పదిహేను షాపులకి జీఎస్టీ రిటర్నులు వేస్తున్నారనుకోండి. ఒక్క నెల గడువు దాటితే వాళ్లకి పడే లేటు ఫీజు, వడ్డీ చిన్నవే. కానీ కొనుగోలు బిల్లుల లెక్క తప్పుగా వేసి, అది రెండేళ్ల తర్వాత జీఎస్టీ ఆఫీసు నోటీసు రూపంలో బయటపడితే? పన్ను, వడ్డీ, పెనాల్టీ కలిపి లక్షల్లో ఉంటుంది. ఒక హోటల్ బుకింగ్ సైటు మీ చేతిలో ఉందనుకోండి. బ్రహ్మోత్సవాల వారంలో సర్వర్ పడిపోయి బ్యాకప్ కూడా లేకపోతే ఎన్ని బుకింగులు పోతాయి? గూగుల్‌లో దొరికిన ఫొటో ఒకటి క్లయింట్ సైట్లో పెట్టారనుకోండి. ఆ ఫొటో హక్కుదారు లాయర్ నోటీసు పంపితే అది ముందు క్లయింట్‌కి వస్తుంది, అక్కడి నుంచి సాయంత్రానికి మీ వాట్సాప్‌కి వస్తుంది.

మూడో ప్రశ్న ఒకటి విడిగా రాసుకోండి. క్లయింట్ల కస్టమర్ల వివరాలు నా దగ్గర ఎన్ని ఉన్నాయి? ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు, పిల్లల పేర్లు, ఆధార్ కాపీలు. ఆన్‌లైన్ ట్యూషన్ నడిపేవాళ్లు దీన్ని అసలు పట్టించుకోరు, నిజానికి అందరికంటే ఎక్కువ పట్టించుకోవాల్సింది వాళ్లే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, డేటాకి సరైన భద్రత పెట్టకపోతే గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అంటోంది. 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి, ప్రధాన బాధ్యతలకి 18 నెలల గడువు ఇచ్చారు. ట్యూషన్ మీ సొంతమైతే ఆ పిల్లల వివరాలకి జవాబుదారీ నేరుగా మీరే. క్లయింట్ తరఫున పని చేస్తుంటే చట్టం ముందు జవాబు చెప్పాల్సింది క్లయింటే, మీరు ఆయన తరఫున డేటా చూసేవాళ్లు మాత్రమే. కానీ ఆయన మీతో చేసుకున్న ఒప్పందంలో "దీని వల్ల నాకు ఏ నష్టం వచ్చినా మీరే భరించాలి" అని ఒక లైను ఉంటుంది. భారం మీ ఇంటికి చేరేది ఆ దారిన.

ఇప్పుడు ఆ కాగితం చూడండి. అన్ని అంకెలూ మీరు రెండు మూడు నెలల్లో తేరుకోగలిగినవే అయితే, వ్యాపారానికి పాలసీ ఇప్పుడే అక్కర్లేదు. ఆ డబ్బు పక్కన వేసుకోండి, 3, 4 అడుగులు మాత్రం చేయండి. ఒక్క అంకె అయినా మీ ఇల్లు అమ్మితే గానీ తీరనిది ఉంటే, చివరిదాకా చదవండి.

3. మీ ఒంటికి ఇన్సూరెన్స్ ఉందా?

ఉద్యోగం మానేసి సర్వీసు పెట్టేవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇది. కంపెనీ ఇచ్చిన గ్రూప్ హెల్త్ కవర్ ఉద్యోగంతోనే పోతుంది. రాజీనామా ఇచ్చే ముందే హెచ్ఆర్‌ని అడిగి, అదే ఇన్సూరెన్స్ కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో కనుక్కోండి. గ్రూప్‌లో గడిపిన కాలానికి వెయిటింగ్ పీరియడ్‌లో ఎంత కలిసొస్తుందో కూడా అప్పుడే అడగండి. కొత్తగా తీసుకుంటే, ముందే ఉన్న షుగర్, బీపీల్లాంటి జబ్బులకి గరిష్ఠంగా 36 నెలలు ఆగాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీల మీద జీఎస్టీ లేదు.

మీరు మంచాన పడితే మీ సర్వీసు ఆగిపోతుంది, ఆదాయమూ ఆగిపోతుంది. అందుకే నా వరసలో హెల్త్ పాలసీ ముందు, మీ మీద ఆధారపడ్డవాళ్లు ఉంటే టర్మ్ పాలసీ (మీరు లేకపోతే వాళ్లకి డబ్బు ఇచ్చేది) రెండోది. వ్యాపార పాలసీలు వీటి తర్వాతే. డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే హెల్త్ తీసుకోండి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

4. పాలసీ కంటే ముందు అగ్రిమెంటు

మన దగ్గర చిన్న సర్వీసులు చాలావరకు మాట మీద నడుస్తాయి. "మనవాళ్లే కదా" అని వాట్సాప్‌లో రేటు అనుకుని పని మొదలుపెట్టేస్తాం. గొడవ వచ్చిన రోజు ఎవరు దేనికి ఒప్పుకున్నారో చెప్పే కాగితం ఉండదు. కాగితం లేని పనికి పాలసీ ఉన్నా క్లెయిమ్ నడపడం కష్టం, ఎందుకంటే ఇన్సూరెన్స్ కంపెనీ అడిగే మొదటి పత్రం అదే.

రెండు పేజీల అగ్రిమెంటు చాలు. ఏం చేస్తారో, ఏం చేయరో రాయండి. "వెబ్‌సైట్ మెయింటెనెన్స్" అని వదిలేయకుండా, బ్యాకప్ వారానికి ఒకసారి తీస్తాను, హోస్టింగ్ కంపెనీ వైపు సమస్యకి నాది బాధ్యత కాదు, ఇచ్చే ఫొటోలకి హక్కులు క్లయింటే చూసుకోవాలి అని విడివిడిగా పెట్టండి. యాడ్స్ పని అయితే రోజువారీ బడ్జెట్‌ని క్లయింట్ మెసేజ్‌లో ఓకే చేశాకే మొదలుపెడతానని రాయండి. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను, దానితో పాటు అకౌంట్ మొత్తానికి ఖర్చు పరిమితి కూడా పెడుతున్నాను. ఈ రెండూ ఖర్చు లేని ఇన్సూరెన్స్.

అన్నిటికంటే విలువైన లైను ఇది. "ఏ పరిస్థితిలోనైనా నా బాధ్యత గత ఆరు నెలల్లో క్లయింట్ చెల్లించిన ఫీజుకి మించదు." కాల పరిమితి మీ ఇష్టం, పన్నెండు నెలలైనా పెట్టుకోవచ్చు. కావాలని చేసిన మోసానికి ఇది అడ్డు రాదు, మామూలు పొరపాట్లకి మాత్రం చాలా ఆదుకుంటుంది. పెద్ద క్లయింట్లు తమ సొంత అగ్రిమెంటు పంపుతారు, అందులో ఈ లైను ఉండదు సరికదా, హద్దు లేని ఇండెమ్నిటీ, అంటే నష్టం ఎంతైనా మీరే భరించాలన్న షరతు ఉంటుంది. సంతకానికి ముందు హద్దు అడగండి. అడిగితే పని పోతుందేమో అని భయపడతాం, నేను అడిగినప్పుడల్లా ఏదో ఒక అంకె దగ్గర ఒప్పుకున్నారు.

వ్యాపారం ఏ రూపంలో ఉందన్నది కూడా ఇక్కడే చూసుకోండి. ప్రొప్రయిటర్‌షిప్‌లో, అంటే మీ ఒక్కరి పేరు మీద నడిచేదాంట్లో, వ్యాపారం అప్పు అంటే మీ సొంత అప్పే, మీ ఇల్లూ పొలమూ దానికి బయట ఉండవు. ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం), ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలలో సాధారణంగా బాధ్యత వ్యాపారం వరకే. వాటికి ఏటా లెక్కలు దాఖలు చేసే ఖర్చు ఉంటుంది కాబట్టి మీ ఆడిటర్‌తో మాట్లాడి తేల్చుకోండి.

5. ఏ పాలసీ మీది?

సర్వీసు ఇచ్చేవాళ్లకి అసలు పాలసీ ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ. మీ పనిలో పొరపాటు, నిర్లక్ష్యం, మర్చిపోవడం వల్ల క్లయింట్‌కి నష్టం జరిగి ఆయన మీ మీద క్లెయిమ్ వేస్తే, ఆ నష్టపరిహారాన్నీ లాయర్ ఖర్చునీ ఇది చూస్తుంది. పని నచ్చక ఫీజు వెనక్కి అడిగితే సాధారణంగా ఇవ్వదు. అగ్రిమెంటులో మీరు ఒప్పుకున్న పెనాల్టీలకీ ఇవ్వదు. పాలసీ తీసుకునేనాటికే మీకు తెలిసిన గొడవకి అసలే ఇవ్వదు.

రెండోది సైబర్ పాలసీ. మీ సిస్టమ్ హ్యాక్ అయి డేటా పోతే, దాన్ని పరిశీలించే నిపుణుల ఖర్చు, తిరిగి నిలబెట్టే ఖర్చు, ఇతరులు వేసే క్లెయిమ్‌లు ఇందులోకి వస్తాయి. ఆన్‌లైన్లో తక్కువ ధరకి కనిపించే వ్యక్తిగత సైబర్ పాలసీలు వేరు. అవి మీ సొంత ఖాతా నుంచి డబ్బు కొట్టేస్తే, మీ పేరుతో మోసం జరిగితే పనికొస్తాయి, వ్యాపారానికి సంబంధించినవి సాధారణంగా వాటిలో రావు. ఈ తేడా తెలియక "నాకు సైబర్ పాలసీ ఉంది" అనుకునేవాళ్లని చాలామందిని చూశాను.

కస్టమర్ల డేటా పెద్దగా లేని కంటెంట్ రైటర్‌కి, డిజైనర్‌కి మొదటిది చాలు. డేటానే పని అయినవాళ్లు రెండూ అడగండి. ల్యాప్‌టాప్, కెమెరా లాంటి సామాను ఖరీదైతే ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ ఉంది. విడిగా ఆఫీసు తీసుకున్నవాళ్లకి 5 కోట్ల లోపు ఆస్తికి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే అగ్ని ప్రమాద పాలసీ ఉంది. ఇంట్లోంచే నడిపేవాళ్లు, ఇంటి పాలసీలో వ్యాపార సామాను వస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి.

6. కొటేషన్ తీసుకునేటప్పుడు

ఏజెంట్ ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు మనిషి, బ్రోకర్ మీ తరఫు మనిషి. ఇలాంటి పాలసీలకి బ్రోకర్ మేలు. బ్రోకర్‌కి రిజిస్ట్రేషన్ ఉందో లేదో, ఇన్సూరెన్స్ రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ వెబ్‌సైట్లో చూడండి. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. కనీసం మూడు కంపెనీల కొటేషన్లు తెప్పించండి, అందులో ప్రభుత్వ రంగానివి కూడా ఉండాలి.

ప్రీమియం కంటే ముందు అడగాల్సినవి నాలుగున్నాయి.

డిడక్టిబుల్ ఎంత? ప్రతి క్లెయిమ్‌లో మొదట మీరు భరించాల్సిన మొత్తం ఇది. లక్ష అని ఉంటే నా 90,000 నష్టానికి పాలసీ నుంచి సున్నా వచ్చేది. అందుకే ఆ మొత్తాన్ని ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా పక్కన పెట్టుకున్నాకే పాలసీ తీసుకున్నాను. చిన్న దెబ్బలు ఆ డిపాజిట్ మీద, పెద్దవి పాలసీ మీద.

ఒక్క క్లెయిమ్‌కి ఎంత, ఏడాది మొత్తానికి ఎంత? కోటి రూపాయల పాలసీ అని చెప్తారు, లోపల 1:4 అని ఉంటుంది. అంటే ఒక్క క్లెయిమ్‌కి 25 లక్షలే. లాయర్ ఖర్చు ఆ లిమిట్‌లోంచే పోతుందా అని కూడా అడగండి.

ఏ దేశపు కోర్టు? మీరు గుంటూరులో కూర్చుని డాలస్‌లోని తెలుగువాళ్ల కంపెనీకి పని చేస్తున్నారనుకోండి, అగ్రిమెంటులో టెక్సాస్ చట్టం అని ఉంది. "ఇండియా మాత్రమే", "అమెరికా, కెనడా తప్ప ప్రపంచమంతా" అనే పాలసీలు అక్కడి కేసుకి పనికిరావు. అమెరికా కలిపితే ప్రీమియం బాగా పెరుగుతుంది. అలాంటి క్లయింట్ ఒక్కరే అయితే, వివాదాలకి భారతీయ కోర్టు అని అగ్రిమెంటు మార్చుకోగలరేమో ముందు అడగండి. కొందరు అమెరికా క్లయింట్లు పని ఇచ్చే ముందే ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ అడుగుతారు, అప్పుడు ఆ ఖర్చుని మీ రేటులో కలపండి.

రెట్రోయాక్టివ్ డేట్ ఏది? ఈ పాలసీలు "క్లెయిమ్స్ మేడ్" పద్ధతిలో నడుస్తాయి. పొరపాటు ఎప్పుడు జరిగిందన్నది ఒక్కటే చాలదు, క్లెయిమ్ వచ్చిన రోజున పాలసీ నడుస్తూ ఉండాలి. పొరపాటు ఆ డేట్ తర్వాతదై ఉండాలి. మొదటిసారి తీసుకుంటే ఆ డేట్ సాధారణంగా పాలసీ మొదలైన రోజే. కాబట్టి రెండేళ్లు పని చేసి అప్పుడు తీసుకుంటే, ఆ రెండేళ్ల పనీ బయటే ఉండిపోతుంది. రెన్యువల్ ఒక్కసారి తప్పితే పాత డేట్ కూడా పోవచ్చు. పెద్ద అంకె ఉన్నవాళ్లు మొదటి పెద్ద క్లయింట్ వచ్చిన నెలలోనే తీసుకోవాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ప్రపోజల్ ఫారం మీరే నింపండి, బ్రోకర్ కుర్రాడికి వదిలేయకండి. మీరు చేసే ప్రతి పనీ అందులో ఉండాలి. "వెబ్ డిజైన్" అని మాత్రమే రాసి, యాడ్స్ పనిలో పొరపాటు జరిగితే క్లెయిమ్ ఆగిపోతుంది. పాత గొడవలు దాచకండి. ప్రీమియం డబ్బు కంపెనీకి చేరాకే కవర్ మొదలవుతుంది, 1938 నాటి ఇన్సూరెన్స్ చట్టంలోనే ఆ మాట ఉంది. ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ పన్నుకి క్రెడిట్ వస్తుందేమో ఆడిటర్‌ని అడగండి.

7. ఆ ఫోన్ వచ్చిన రోజు

నేను చేసింది మీరు చేయకండి. "తప్పు నాదే, కట్టేస్తాను" అన్న మాట పాలసీ ఉన్నవాళ్ల నోట ముందు రాకూడదు. ఇన్సూరెన్స్ కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకుంటే క్లెయిమ్ తిరస్కరించే షరతు పాలసీలో ఉంటుంది. మన పెంపకం అలాంటిది కాదు, తప్పు జరిగితే ఒప్పుకోవాలనే నేర్చుకున్నాం. అందుకే ఆ రోజు చెప్పాల్సిన మాట ముందే అనుకుని పెట్టుకోండి: "జరిగింది విన్నానండీ, వెంటనే సరిచేస్తున్నాను. నష్టం సంగతి కాగితాలన్నీ చూసి రెండు రోజుల్లో రాతపూర్వకంగా చెప్తాను." ఇందులో అబద్ధం లేదు, క్లయింట్‌ని వదిలేయడమూ లేదు.

నష్టం పెరగకుండా ఆపండి, యాడ్ ఆపడమో సైటు ఆపడమో. స్క్రీన్‌షాట్లు తీయండి, ఏదీ డిలీట్ చేయకండి. అదే రోజు బ్రోకర్‌కీ కంపెనీకీ మెయిల్ పెట్టండి. ఇంకా నోటీసు రాకపోయినా, వచ్చేలా ఉందని అనిపించినా చెప్పండి. ఖాతాలోంచి డబ్బు పోయిన మోసమైతే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, నిమిషాలు కూడా విలువైనవి. డేటా బయటికి పోయిన హ్యాకింగ్ అయితే ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్‌-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం తెలిసిన ఆరు గంటల్లోపు వాళ్లకి తెలియజేయాలి.

క్లెయిమ్ తిరస్కరిస్తే ఊరుకోకండి. ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255 నంబరు ఉంది. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ప్రొప్రయిటర్‌షిప్‌లకీ సూక్ష్మ సంస్థలకీ ఆ తలుపు తెరిచే ఉంటుంది, అందుకే చిన్న సంస్థలకి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించి సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండిటికీ అంబుడ్స్‌మన్ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది.